ఉత్తుత్తి కూరకు స్టవ్వు

లూకా గరిటె పోయిన రోజు శనివారం. ఎంఎంటీఎస్ రైళ్ళు కొత్తగా తిరుగుతున్న రోజులవి. బేగంపేటలో చుట్టాలింట్లో భోజనం చేసి తల్లీకొడుకులు సికింద్రాబాద్ తిరిగి వస్తున్నారు. ఆరేళ్ళ లూకా కిటికీ పక్క సీటు సంపాదించి, కమ్మీల మధ్యనుంచి గరిటె బయటికి పెట్టి గాలిని కలుపుతున్నాడు. రైలు సాంబారు చేస్తున్నానని ఎదురు సీటులోని పెద్దమనిషికి చెప్పాడు. ఉప్పు సరిపోయిందో లేదో చూశావా అని ఆయన అడిగాడు. రుచి చూద్దామని లూకా గరిటెను లోపలికి తీసుకోబోయాడు. అది కమ్మీకి తగిలి చేయి జారింది.

"అమ్మా, బండి ఆపమను," అన్నాడు నెమ్మదిగా.

బండి ఆగలేదు. దిగవలసిన జేమ్స్ స్ట్రీట్ స్టేషన్ వచ్చేదాకా వాడు వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. ఏడవలేదు.

అది కాడ విరిగిన పాత గరిటె. వాడి తండ్రి రిచర్డ్ రైల్వేలో ఫిట్టరు. మిగిలిన కాడను రంపంతో కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి, కొడుకు పిడికిలికి సరిపోయేలా చేసిచ్చాడు. ఆదివారం చర్చినుంచి వచ్చాక ఆ ఇంట్లో వంట రిచర్డ్‌ది. ఆ పూట భార్య దేవకృపకు వంటింట్లోకి ప్రవేశం లేదు. లూకాకు గట్టుమీద కూర్చునే ఉద్యోగం ఉండేది. తండ్రి కోడికూర కలుపుతుంటే కొడుకు పక్కన ఖాళీ గిన్నె కలిపేవాడు. వానలు మొదలైనప్పుడు రిచర్డ్ జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. ఇంటికి తిరిగి రాలేదు. ఖాళీ గిన్నె కలపడం మాత్రం లూకా మానలేదు.

గరిటె పోయాక దొరికినదానితో కలిపాడు. చిలకలగూడలో బడి పంతులమ్మ అయిన తల్లి స్కేలుతో కలిపాడు. పళ్ళు తోముకునే బ్రష్షుతో కలిపాడు. నానమ్మ గొడుగుతో బకెట్లో పప్పు ఎనిపాడు. మర్నాడు చర్చిలో కానుకల సంచి వరుసగా వస్తూ వాడి ముందుకు వచ్చింది. పొడుగాటి కర్రకు వేలాడే సంచి. వాడు కర్ర పట్టుకుని భక్తిగా రెండు తిప్పులు తిప్పాడు. లోపల చిల్లర గలగలమంది. వెనక బెంచీలో ఎవరో దగ్గుతో నవ్వును కప్పుకున్నారు.

ఇంటికి రాగానే రోసమ్మ తేల్చేసింది. రోసమ్మ రిచర్డ్ తల్లి. తెనాలి నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె మాటకు సికింద్రాబాద్ గాలి సోకలేదు.

"ఇంక ఈ వంటాట కట్టిపెట్టించు కృపా. మగపిల్లోడికి గరిటెలేంటే? బ్యాటు కొనివ్వు. బండి కొనివ్వు."

"బొమ్మ వంటిల్లు కొందామనుకుంటున్నా అత్తయ్యా."

"గరిటె పోయింది, పీడా పోయిందని నేననుకుంటుంటే, వంటిల్లే కొంటావా?"

కొడుకు పోయిన నాటినుంచి రోసమ్మ అతని పేరు ఎత్తలేదు. లూకా గిన్నె చప్పుడు వినిపిస్తే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేది. అది దేవకృపకు తెలుసు. అయితే ఈ ఆట కూడా మాన్పిస్తే వాడి దగ్గర తండ్రిది ఇంకేమీ మిగలదని ఆమె భయం. అందుకే ఈ ఒక్క విషయంలో అత్తగారి మాట వినదలచుకోలేదు.

"సరే, నేనూ వస్తా," అంది రోసమ్మ. "నిన్నొక్కదాన్నే పంపిస్తే వాడికి జడ కూడా వేయించుకొస్తావు."

రాంగోపాల్‌పేట్‌లో ఆ బొమ్మల దుకాణానికి రెండు గోడలు, రెండు రంగులు. ఒక గోడంతా నీలం. కార్లు, తుపాకులు, హెలికాప్టర్లు. ఎదుటి గోడంతా గులాబీ రంగు. బొమ్మలు, ఉయ్యాలలు, వంటిళ్ళు. సేల్స్‌మన్ మధుసూదన్ లూకాను చూడగానే నీలం గోడవైపు చేయి చాపాడు.

"బాబులది ఇటు మేడమ్. పాపలది అటు."

బాబు అప్పటికే అటు ఉన్నాడు. గులాబీ రంగు స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని దాని మర తిప్పుతున్నాడు. తిప్పినప్పుడల్లా అది టిక్కుమంటోంది. లోపల చిన్న ఎర్ర బల్బు వెలుగుతోంది. వాడు మంట తగ్గించి, వంగి చూసి, మళ్ళీ కొంచెం పెంచాడు.

"ఇది ఇంకో రంగులో లేదా?" అని దేవకృప అడిగింది.

"లేదు మేడమ్. బ్లూల అయితే డాక్టర్ సెట్ ఉంది."

"ఆడవాళ్ళు డాక్టర్లు కారా?"

"ఎందుకు కారు మేడమ్, మస్తుమంది ఉన్నరు. సెట్టే బ్లూల వస్తది."

"మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"మా నాయిన. పెండ్లిళ్ళకు క్యాటరింగ్ చేస్తడు."

"ఆయన స్టవ్వు ఏ రంగు?"

"నల్లగుంటది మేడమ్. మసి."

రోసమ్మ గులాబీ స్టవ్వును దూరంనుంచే పరీక్షించింది. "ఇది నా గ్యాస్ మందు రంగు. చూస్తుంటేనే తేన్పు వస్తోంది. ఇది ఆడపిల్లల రంగురా నాయనా, లే."

"పాస్టరుగారు సుత అదే మందు తాగుతరు నానమ్మా," అన్నాడు లూకా తల తిప్పకుండా. "నేను చూసిన."

మధుసూదన్ అవసరం లేకపోయినా ఒక హెలికాప్టర్‌ను తుడవసాగాడు. రోసమ్మ మనవడి రెక్క పట్టుకుంది. "స్టీలు కొనిస్తా పద. స్టీలుకు ఆడా లేదు, మగా లేదు." దేవకృపకు ఆ మాట సబబుగానే తోచింది. అత్తగారు గిన్నెలదాకా దిగివచ్చినందుకు లోలోపల సంతోషించింది కూడా.

పక్క సందులో తుకారాం స్టీలు సామాన్ల దుకాణం. బుర్రమీసాల మనిషి, గల్లా పక్కనే పాత్రల మీద పేర్లు చెక్కే మిషను పెట్టుకుని కూర్చుంటాడు. బుట్టెడు బొమ్మ సామాను తెచ్చి లూకా ముందు పరిచాడు. బిందె, మూకుడు, మూతలు, పళ్ళాలు. లూకా ఒక్కొక్కటే తీసి వేలితో కొట్టి మోగించాడు. మూకుడు అడుగు పట్టి చూశాడు. అన్నీ నచ్చాయి.

"స్టవ్ ఏది?"

"స్టవ్ స్టీలుల రాదు బేటా."

"స్టవ్ లేకుంట కూర ఎట్ల ఉడుకుతది?"

"ఉత్తుత్తి కూరే గదరా," అంది రోసమ్మ.

"ఉత్తుత్తి కూరకు ఉత్తుత్తి స్టవ్ కావాలె."

"పోరడు లాయరున్నడు," అన్నాడు తుకారాం.

రోసమ్మ తుకారాంతో, ఎన్నాళ్ళగానో ఎరిగినవాడితో చెప్పినట్టు, "వీళ్ళ నాన్నా ఇంతే," అంది. "చిన్నప్పుడు బొమ్మల పెళ్ళికి పిలిచి విస్తట్లో ఇసక వడ్డించారని అలిగి వచ్చేశాడు. బొమ్మలది ఉత్తుత్తి పెళ్ళయితే నా ఆకలి కూడా ఉత్తుత్తిదా అంటాడు. మా రిచర్డ్."

దేవకృప చేతిలో ఒక మూత ఉంది. దాన్ని పెట్టవలసిన బిందె ఏదో వెంటనే కనబడలేదు.

"మీరిక్కడే ఉండండి," అని రోసమ్మ లేచింది. కాళ్ళ నొప్పులు ఉన్న మనిషి మళ్ళీ ఆ బొమ్మల దుకాణందాకా వెళ్ళి, చంకలో ఒక పెట్టెతో తిరిగి వచ్చింది. పెట్టెకు చుట్టూ న్యూస్‌పేపర్ చుట్టించింది. ఒక మూలన కాగితం చిరిగి గులాబీ రంగు బయటికి చూస్తోంది.

"మనవరాలికి అని చెప్పి తెచ్చా," అంది ఆయాసపడుతూ.

"నీకు మనవరాలు లేదు కద నానమ్మా."

"ఆ కొట్లో అబ్బాయికీ తెలుసులేరా. మనవరాలికి నా సలాం చెప్పండి అన్నాడు. కృపా, దారిలో చర్చివాళ్ళెవరైనా ఎదురైతే ఇది మిక్సీ."

తుకారాం మిషను వైరు దులిపి ప్లగ్గులో పెట్టాడు. "పేరు కొట్టాలె గదా అమ్మా. ఇంటామె పేరేంది?"

"వీడు లూకా," అంది రోసమ్మ.

"గిన్నెల మీద బాబు పేరా? గిట్ల ఎవ్వరు కొట్టియ్యరమ్మా."

"వండేది వీడు. ఎవరు వండితే వాళ్ళ పేరు."

ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటే రోసమ్మే ముందు కాదనేది. దేవకృప అత్తగారి చేతినుంచి పెట్టె అందుకుంది. మిషను బుర్రున తిరిగి మూకుడు మీద లూకా పేరు పడింది, బిందె మీదా పడింది. తరువాత పళ్ళాలు. వాటి మీద తినేవాళ్ళ పేర్లు ఉండాలని లూకా పట్టుబట్టాడు. ఒకదాని మీద అమ్మ, ఒకదాని మీద నానమ్మ, ఒకదాని మీద మళ్ళీ తానే. నాలుగోది తీసి తుకారాం అడిగాడు.

"ఇది ఎవరిది?"

"నాన్నది," అన్నాడు లూకా.

"ఏం రాయాలె?"

"రిచర్డ్ అని రాయి," అంది రోసమ్మ.

"కాదు. నాన్న అని."

"వాడికి పేరుందిరా. నేను పెట్టుకున్న పేరు."

"నేను రిచర్డ్ అని పిలువ కద. వంట అయినాక నాన్నా రా అంట."

"నేనైతే రిచర్డూ రా అంటాను."

మిషను చేతిలో తిరుగుతూనే ఉంది. తుకారాం ఇద్దరినీ చూసి చివరకు దేవకృప వైపు తిరిగాడు. "మీరు చెప్పుండ్రి అమ్మా."

ఎంత ప్రేమగా ఉన్నా భర్తను దేవకృప ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆయన ఆమెకు నాన్న కాదు. ఏమండీ అని పళ్ళెం మీద ఎవరూ చెక్కించుకోరు. ఆమె అత్తగారి ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది. ఏ మాట చెప్పినా ఒకరి మనిషిని ఇంకొకరికి ఇచ్చేసినట్టే ఉంటుంది.

"తరువాత చెక్కిస్తాం," అంది.

తుకారాం మిషను ఆపాడు. "ఇంట్ల మాట్లాడుకొని పట్కరాండ్రి. నేనేడికి పోత."

దారిలో చర్చివాళ్ళు ఎదురయ్యారు. మిక్సీ బాగా నడుస్తుందా అని అడిగారు. ఇంకా కూర చేయలేదని లూకా చెప్పాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో గులాబీ స్టవ్వు రోజూ వెలుగుతోంది. రోసమ్మ లేచి పక్క గదిలోకి వెళ్ళడం మానేసింది. ఎదురుగా కూర్చుని ఉప్పు తక్కువైందంటుంది. ఉత్తుత్తి ఉప్పు ఇంకాస్త వేసి మళ్ళీ రుచి చూడమంటాడు లూకా. పళ్ళాలు నాలుగూ వేస్తాడు, నాలుగింటిలోనూ వడ్డిస్తాడు. ఏ పేరు రాయించాలో ముగ్గురూ అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరి మాట మీద వాళ్ళున్నారు. దేవకృప ఇంకా ఏ మాటా చెప్పలేదు.

నాలుగో పళ్ళెం మీద పేరు ఇంకా చెక్కించలేదు.