బోర్లా పెట్టిన పుస్తకం

పిండిబంక చల్లారకముందే పని కానివ్వాలి. ఊడిన అట్ట లోపలి అంచుకు చూపుడువేలితో బంక పూసి, పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి, పైన బరువుకి ఇటుక మోపాడు బంకతాత. ఆయన అసలు పేరు బడి హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. గోళ్ల చుట్టూ తెల్లగా ఎండిన బంక, ఒక కాడ విరిగితే అట్టలు కుట్టే దారంతో చుట్టుకున్న కళ్లజోడు, అవసరమైతే తప్ప పెగలని నోరు. పిల్లలకు తెలిసిన ఆయన ఇంతే.

ఇవాళ్టితో ఆయన కొలువు ఆఖరు. ఆ స్థానంలోకి ఇంకెవరూ రారు. ఎవరైనా టీచరు పుస్తకాల గది చూసుకుంటానంటే సరే, లేదంటే అందులో విరిగిన బెంచీలు పడేయిస్తానన్నారు హెడ్మాస్టరు. అడిగినవాళ్లంతా తలో మాట చెప్పి తప్పుకున్నారు. మిగిలింది కొత్త టీచరు.

ఆమె గుమ్మంలోనే ఆగింది. "తాతగారూ, తొమ్మిదో తరగతికి ఏయే పుస్తకాలు ఇవ్వాలో కాస్త రాసిస్తారా?"

"రాసిస్తే ఏం చేస్తారమ్మా?"

"పంచిపెడతాను."

"సరుకులా?"

ఆమె నవ్వబోయి మానేసింది. "మొన్న చివరి బెంచీ పొడుగమ్మాయికి ఒకటిచ్చాను. చదువు, బాగుపడతావు అన్నాను. విసనకర్రలా ఊపుకుని తిరిగిచ్చేసింది. ఈ గది నావల్ల కాదేమో తాతగారూ."

"బాగుపడతావంటే మందనుకుంటారమ్మా. ఆ ఈడు పిల్లలకి చేతికిస్తే చేదు. ఎవరో సగంలో వదిలేసి వెళ్లింది కావాలి. పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా?"

ఆయన అరలోంచి ఒక దొంగల కథ తీశాడు. ఎన్నిసార్లు అట్ట మార్చినా మళ్లీ చిరిగే పుస్తకమది. నడిమికి తెరిచి, కిటికీ గట్టు మీద బోర్లా పెట్టి, తన కళ్లజోడు తీసి దాని మీద ఉంచాడు. చదువుతున్న మనిషి ఇప్పుడే మంచినీళ్లకు లేచి వెళ్లినట్టుంది. "ఇది తిరుగులేనిదమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం చదువుకునే గంటకు తరగతంతా వచ్చింది. పొడుగమ్మాయి కిటికీ పక్కన చేరి, కాలు ఊపుతూ, పుస్తకాన్ని ఓరగా చూసింది.

"తాతా, ఇందులో దొంగ వంటమనిషే. మా అక్క ఎప్పుడో చెప్పేసింది."

గదంతా గొల్లున నవ్వింది. బంకతాత నాలిక్కరుచుకున్నాడు. ఇన్నేళ్లూ తప్పని గురి ఆఖరి రోజున తప్పింది. ఆయన టీచరు వంక చూడలేకపోయాడు.

టీచరు మాత్రం కింది అర ముందు మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతోంది. సముద్రం అడుగున బతికే జీవాల గురించిన లావుపాటి పుస్తకం బయటికి లాగింది. ఆయన కుట్టిన కుట్టు ఇంకా వదులు కాలేదు. దాన్నెవరూ తెరిచిన పాపాన పోలేదు.

"అది కదలదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ ఈడులో నన్ను కదిలించింది," అంది ఆమె. ఒక పేజీ వెతికి, గట్టు మీద బోర్లా పెట్టి, దొంగల కథ మీది కళ్లజోడు తీసి దీని మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు అవతలికి వెళ్లింది.

"ఏంటి తాతా, ఒకేసారి రెండు చదువుతున్నావా?"

"అది నాది కాదు. మీ టీచరమ్మ సగంలో ఉంది. ముట్టుకోకు."

"కళ్లజోడు నీదేగా?"

"చూపు ఎవరికైనా ఆనకపోవచ్చు."

పిల్ల ముసిముసిగా నవ్వింది. అటూ ఇటూ చూసి, కళ్లజోడు పక్కకు జరిపి, పుస్తకం వెల్లకిలా తిప్పింది. కాసేపటికి ఊగే కాలు ఆగింది. పెదవులు కొంచెం విడివడ్డాయి. ముఖం మీద ఈగ వాలినా తోలుకోలేదు.

బంకతాత ఊపిరి బిగబట్టాడు. ఈ బడికి ఆయన మొదట గోడలకు సున్నం వేసే కూలీగా వచ్చాడు. ఆ ఏడు వానకు గది కారి పుస్తకాలు తడిస్తే, ఆరుబయట ఎండబెట్టమన్నారు. గాలికి వాటంతటవే పేజీలు తిరుగుతుంటే, కంటికి కనిపించని వాళ్లెవరో వరసగా కూర్చుని చదువుకుంటున్నట్టు అనిపించి, సున్నపు బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత ఇక్కడ ఎంతమంది పిల్లల కాళ్లు ఇలా ఆగాయో! చూసిన ప్రతిసారీ అదే వింత. మనిషి ఇక్కడే ఉంటుంది. ఉండదు. ఎక్కడికి పోతుందో, ఏ దారిన పోతుందో, ఇంతకాలం గుమ్మంలో కాపలా ఉన్న తనకే అంతు చిక్కలేదు.

బెల్లు కొట్టారు. పక్కపిల్ల భుజం తడితే, పొడుగమ్మాయి తలెత్తకుండానే అరచెయ్యి చూపించింది, ఉండమన్నట్టు. అవతల టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె కళ్లలోనూ అదే వింత ఉందని బంకతాతకు తెలిసింది.

"టీచర్, ఈ చేప నెత్తిన దీపం ఎట్లా వెలుగుతుంది?"

"నాకూ తెలీదు. తర్వాతి పేజీలో ఉందేమో. ఇంటికి తీసుకెళ్లు. కానీ రేపు ఇచ్చెయ్యాలి, నేనింకా సగంలోనే ఉన్నాను."

పిల్లలంతా వెళ్లాక ఆమె చెయ్యి చాచింది. "తాళంచెవి ఇవ్వండి తాతగారూ. హెడ్మాస్టరుగారితో చెప్పొస్తాను."

ఇచ్చాడు. ఆమె వరండా వెంట దాదాపు పరుగున వెళ్లింది.

బంకగిన్నె కడిగి బోర్లించాడు. ఇటుక దించి, అట్ట అంటుకుందో లేదో గోటితో చూసుకున్నాడు. ఆనాడు వానకు తడిసిన పుస్తకాల్లోంచి ఒకటి తీశాడు. కూడబలుక్కుంటూ తను మొదట చదివింది అదే. అంచులకు ఇంకా నీటి మరక ఉంది. టీచరు కుర్చీకి ఎదురుగా బల్ల మీద దాన్ని సగానికి తెరిచి పెట్టి, సంచీలోంచి కూతురు కొనిచ్చిన కొత్త కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. గడప దాటితే చెట్ల ఆకులు విడివిడిగా కనిపించి, ఒక క్షణం ఆగాడు. తర్వాత గేటు దాటి బస్సుల వైపు నడిచాడు.

బల్ల మీద పుస్తకం బోర్లా ఉంది. దాని మీద, దారం చుట్టిన కాడ చాపుకుని, పాత కళ్లజోడు.