నోరు పడిపోయిన సొరుగు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేవి సొరుగులు. తమ్ముడు మేజోళ్ళ కోసం రెండో సొరుగు లాగితే కీచుమనేది. అక్క దారపుండల కోసం మూడోది లాగితే కిర్రుమనేది. కింద వాటాలో పిన్నిగారు దుప్పటి ముసుగులోంచే "లేచారమ్మా మహారాజులు!" అనేది.

అక్క బట్టలకి మరమ్మతులు చేసేది. కోట్లకి అస్తరు మార్చడం, ప్యాంట్లకి జిప్పులు వెయ్యడం, అలాంటివి. తమ్ముడు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. నలభై దాటినా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎలా అవుతాయి? వీళ్ళు జవాబు చెప్పేలోగా అడిగినవాళ్ళకి మనవలు పుట్టేవారు.

ఆ నాలుగు సొరుగుల బల్ల వాళ్ళ అమ్మమ్మది. ఆ వంశంలో ఇబ్బందైన మాట ఎవరూ నోటితో అనరు. మనసులో అనుకుని సొరుగు మూస్తారు. తర్వాత దాన్ని తెరిచినవాళ్ళకి ఆ మాట, మూసినవాళ్ళ గొంతుతోనే, వినపడుతుంది. "నీ దగ్గు నాకేం నచ్చలేదురా, డాక్టరు దగ్గరికి వెళ్ళు" అని మేజోళ్ళ మధ్యలోంచి అక్క గొంతు వస్తే, తమ్ముడు ఆ మేజోళ్ళే తొడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చేవాడు. వాళ్ళ నాన్న వాళ్ళ అమ్మని పెళ్ళికి అడిగింది కూడా ఆ పై సొరుగులోంచేనట. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. ఒక్కో ఇంటికి ఒక్కో అలవాటు. పిన్నిగారు మాత్రం "మీ నోళ్ళకంటే ఆ చెక్కే నయం" అని దెప్పేది.

ఆ ఏడు వానలు ఓ పట్టాన వదల్లేదు. చెక్క ఉబ్బి, సొరుగులన్నీ మొరాయించడం మొదలుపెట్టాయి. అప్పుడే వీధి చివరి బేకరీ ఆయన అక్క దగ్గరికి వచ్చాడు. భార్య పోయి చాలా కాలమైన మనిషి. చిరగని కోటు ఒకటి తెచ్చి, చిరుగెక్కడో చూపించలేక, చివరికి అసలు సంగతి చెప్పేశాడు.

"రేవు పట్నంలో కొత్త బేకరీ పెడుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతున్నా. మీరు కూడా వస్తే అక్కడే పెళ్ళి చేసుకుందాం. వెళ్ళేముందు ఇటు వస్తాను. రానంటే మళ్ళీ అడిగి విసిగించను."

అక్కకి వెళ్ళాలని ఉంది. ఎంత ఉందంటే, ఆయన గుమ్మం దాటగానే ఆ కోటుకి నిక్షేపంలా ఉన్న గుండీలన్నీ ఊడదీసి మళ్ళీ కుట్టింది. కానీ తమ్ముణ్ణి ఒక్కణ్ణీ వదిలేసి ఎలా వెళ్తుంది? వాడు సరేనంటే వెళ్దామనుకుంది. "బేకరీ ఆయన తనతో రమ్మంటున్నాడురా. నువ్వేమంటావు?" అని రెండో సొరుగులో అడిగింది.

తమ్ముడు విన్నాడు. మర్నాడంతా దుకాణంలో పరధ్యానంగా ఉన్నాడు. సాయంత్రం వచ్చి తన జవాబు అక్క దారపుండల సొరుగులో పెట్టి, భుజంతో ఒక్క తోపు తోసి మూశాడు. అంతే, అది బిగుసుకుపోయింది.

అక్క లాగింది. కాలు తన్నిపెట్టి లాగింది. పిడి ఊడి చేతికొచ్చింది గానీ సొరుగు కదల్లేదు. తమ్ముడేమో బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాడు. వాడి లెక్కలో వాడు జవాబు చెప్పేశాడు మరి!

"వాడు బతికే ఉన్నాడుగా, నోరారా అడగవే" అంది పిన్నిగారు.

"అమ్మో, మొహమ్మీదే అడగమంటారా?"

"అడగందే అమ్మయినా పెట్టదు. పోనీ, మౌనం అర్ధాంగీకారం అనుకుని వెళ్ళిపో."

"మరి మిగతా సగం?" అంది అక్క. అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్నిగారు ఇంకేం అనలేక కొవ్వొత్తి ముక్క తెచ్చి చేతిలో పెట్టింది, సొరుక్కి రాస్తే జారుతుందని.

ఆదివారం పొద్దున అక్కాతమ్ముళ్ళు బల్ల ముందు కూచున్నారు. పైనున్న రెండు సొరుగులూ ఊడదీసి, ఆ సందులోంచి చెయ్యి పెట్టి మూడోదాన్ని వెనకనుంచి నెట్టారు. అది అంగుళం అంగుళం కదిలి, పెద్ద కేక పెట్టి, మళ్ళీ ఆగింది. ఆ కేకలో మాట ఒక్కటీ తెలియలేదు. అడుగుచెక్క వంగి, సొరుగు జారే పట్టీకి ఒరుసుకుంటోంది. కష్టపడి బయటికి లాగేశారు. చెక్క నున్నగా మెరిసిన చోటల్లా ఒరుసుకుంటున్నట్టు లెక్క. అక్కడ గరుకు కాగితంతో రుద్దితే చాలు.

చాలని తమ్ముడికి ఎవరు చెప్పాలి? వాడిది అద్దాలు అరగదీసే చెయ్యి. గీత కనపడితే ప్రాణం ఒప్పదు. రుద్దాడు, తుడిచాడు, వెలుతురుకి పెట్టి చూశాడు, మళ్ళీ రుద్దాడు. పట్టీలకి కొవ్వొత్తి రాశాడు. అక్కకి ఇష్టమైన సొరుగు కదా అని ఇంకాస్త ప్రేమగా రాశాడు. చివరికి ఊడిన పిడి బిగించి, దాన్ని దాని చోట్లో పెట్టి మూసి, "ఊఁ" అన్నాడు.

అక్క ఊపిరి బిగబట్టి లాగింది. సొరుగు నీళ్ళమీద జారినట్టు వచ్చింది. చప్పుడు లేదు. మాట కూడా లేదు. చెవి పెట్టి విన్నది. దారపుండలన్నీ తీసి చూసింది. లోపల చెక్క వాసన తప్ప ఏమీ లేదు. కిర్రుతోపాటు మాట కూడా అరిగిపోయింది.

కింద బండి ఆగింది. బేకరీ ఆయన గొంతు వినపడింది.

అక్క సొరుగు నెమ్మదిగా మూసేసింది. "సరేలే" అని కుట్టుమిషను ముందు కూచుని, ఎవరిదో ప్యాంటు ముందుకి లాక్కుంది. సూదిలోకి దారం ఎక్కడం లేదు.

తమ్ముడు ఆ చేతుల్నే చూస్తున్నాడు. వాడి గొంతులో ఏదో కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

"వెళ్ళమన్నానక్కా" అన్నాడు.

అక్క తలెత్తింది.

"అందులో. నిన్ను వెళ్ళమన్నాను. నా సంగతి నేను చూసుకుంటానన్నాను. కానీ అది అబద్ధం." వాడికి చెమటలు పట్టేస్తున్నాయి. "నువ్వు లేకపోతే నాకు చచ్చేంత బెంగ. రోజూ ఏడుస్తానేమో కూడా. అయినా వెళ్ళు. నా కోసం ఆగిపోయి నువ్వు ఏడుస్తుంటే నేను చూళ్ళేనక్కా."

అక్క లేచొచ్చి వాడి మొహం రెండు చేతుల్తో పట్టుకుంది. ఇన్నేళ్ళలో వాడు ఎదురుగా నిలబడి ఇన్ని మాటలు అనడం ఇదే మొదలు. "పిచ్చి వెధవా, ఏడుపొస్తే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఏడుద్దాం" అంది. అది కూడా నోటితోనే అంది.

నాలుగు జతల బట్టలూ కత్తెరా ఒక సంచీలో కుక్కుకుని మెట్లు దిగింది. బేకరీ ఆయన టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "మీ జవాబు..." అన్నాడు.

"వస్తున్నానండీ" అంది అక్క. గొంతు కాస్త పెద్దదైంది. కిటికీలోంచి పిన్నిగారు తొంగిచూసింది.

ఆయన చెవుల్ని ఆయనే నమ్మలేకపోయాడు. "ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

అక్క ఇంకోసారి చెప్పింది.