వెంకటనర్సమ్మ ముక్కు

నాచారం పారిశ్రామికవాడలో ఒక సందు చివర ఉండేది ఆ వైన్ కంపెనీ. వైన్ అనగానే గాజు గ్లాసులూ తెల్లగుడ్డ పరిచిన బల్లలూ ఊహించుకోకండి. రేకుల షెడ్డు, నాలుగు సిమెంటు తొట్లు, ఈగలు. మేడిపల్లిలో యజమాని పెద్దసారుకు ద్రాక్షతోట ఉన్న రోజుల్లో, అమ్ముడుపోని కాయ కుళ్లిపోతుంటే చూడలేక పెట్టాడు. తర్వాత తోట ప్లాట్లయింది. పందిరి రాళ్లు కూడా ఎవరి ప్రహరీగోడలకో పోయాయి. కంపెనీ మాత్రం మిగిలింది. ద్రాక్ష లారీల్లో ఎక్కడినుంచో వచ్చేది. సీసాలు జవహర్‌నగర్ చెత్తకుప్పల నుంచి వచ్చేవి.

కొత్త సీసా కొనాలంటే పెద్దసారుకు చేతులు రావు. పాత సీసాలో జనం ఏం పోసుకున్నారో ఎవరికి తెలుసు? కిరసనాయిలు, ఫినాయిలు, పురుగుల మందు, ఏదైనా కావచ్చు. అందుకే సాలమ్మ వేడినీళ్లలో సోడా వేసి కడిగి అందిస్తే, పక్క పీట మీద వెంకటనర్సమ్మ ఒక్కో సీసా మూతికి ముక్కు ఆనించి చూసేది. వాసనొస్తే ఎడమ గంప, రాకపోతే కుడి గంప. కుడి గంపలోవి నింపడానికి పోతాయి. "మా నర్సమ్మ ముక్కుండగా మనకు లేబొరేటరీ ఎందుకండీ?" అని మేనేజరు పట్టాభిరామయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆ ముక్కు చచ్చిపోయి ఏడాది దాటింది. తొట్లు శుభ్రం చేయడానికి గంధకం పొగ పెట్టేవాళ్లు. ఆ పొగ పక్కన కూర్చుని కూర్చుని నర్సమ్మకు ముందు మల్లెపూల వాసన పోయింది, తర్వాత తాలింపుది, చివరికి ఏదీ మిగల్లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తీసేస్తారు, తీసేస్తే మళ్లీ జవహర్‌నగరే. పెనిమిటి పోయిన కొత్తలో ఆ కుప్పల మీదే కుక్కలతో పోటీపడి సీసాలు ఏరింది. చచ్చినా మళ్లీ అక్కడికి పోనని ఒట్టు పెట్టుకుంది. అందుకని సీసా ఎత్తడం, మొహం చిట్లించడం, మధ్యమధ్యన ఒకదాన్ని ఎడమ గంపలో పడేయడం. సాలమ్మ ఒళ్లు దాచుకోకుండా కడిగేది కాబట్టి నాటకం సాగింది. ఆ సంగతి నర్సమ్మకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. ఆమె మీద నాకు జాలీ ఉంది, కోపమూ ఉంది.

సకలజనుల సమ్మె జరిగిన ఏడాది, దసరా ముందు కరెంటు లేదు, నీళ్ల ట్యాంకరు రాలేదు. పండగ ఆర్డరు మాత్రం ఆగదు కదా. ఒకే తొట్టి నీళ్లలో రోజంతా సీసాలు ముంచి తీయమన్నాడు పట్టాభిరామయ్య.

"గిది కడుగుడా? ఉత్తగ ముంచి తీసుడు," అని సాలమ్మ నవ్వింది. "నీ ముక్కుండంగ నాకేం ఫికరక్కా!"

నర్సమ్మ కూడా నవ్వింది. సీసాలు కుడి గంపలో పడుతూనే ఉన్నాయి.

పండగకు పనివాళ్లకు తలా ఒక సీసా ఇవ్వడం కంపెనీ ఆనవాయితీ. సాలమ్మ మొగుడు హన్మయ్య హమాలీ. సమ్మెతో లారీలు తగ్గి, పనిలేక ఇంట్లో కూర్చున్నాడు. పండగపూట మాటా మాటా పెరిగింది. "గిట్ల కూసొని తినే బదులు సావరాదు!" అంది సాలమ్మ. కడుపు మండినప్పుడు ఎవరైనా అనే మాటే. ఆ సాయంత్రం హన్మయ్య కంపెనీ సీసా విప్పి తాగాడు. నోటివెంట నురగ వచ్చింది. దవాఖానాకు చేరేసరికి ప్రాణం లేదు. పురుగుల మందు అన్నారు డాక్టర్లు. పెళ్లాం మాటకు మనసు విరిగి తానే కలుపుకుని తాగాడని బస్తీ అంతా తేల్చేసింది.

సాలమ్మ ఒప్పుకోలేదు. గుంట పొలం లేని ఇంట్లో పురుగుల మందు ఎక్కడిది? అడుగున రెండు చుక్కలు మిగిలిన ఆ సీసాను కొంగులో చుట్టుకుని కంపెనీకి వచ్చింది. పట్టాభిరామయ్య వాసన చూసి తల అడ్డంగా ఊపాడు.

"వైన్ వాసన తప్ప ఇంకేం లేదమ్మా. బాధలో నీకలా అనిపిస్తోంది. నా మీద నమ్మకం లేకపోతే నర్సమ్మను చూడమను."

సాలమ్మ మొహంలోకి ప్రాణం వచ్చింది. "సూడక్కా. నువ్వు జెప్తే నమ్ముత. పురుగుల మందు వాసన గుప్పుమంటలేదా? నా మాటకు సావలేదు గదా ఆయన?"

నర్సమ్మ పీల్చింది. ఏమీ రాలేదు. రాదని తెలిసీ మళ్లీ గట్టిగా పీల్చింది, దేవుడు ఈ ఒక్కసారికి ముక్కు తిరిగిస్తాడేమోనని. కళ్లెత్తితే ఎదురుగా సాలమ్మ, పక్కన మేనేజరు. మనసులో జవహర్‌నగర్ కుప్ప, కుక్కలు.

"ద్రాక్ష వాసనే," అంది.

సాలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. సీసాను పట్టాభిరామయ్య లోపలికి తీసుకెళ్లాడు. దాన్ని మళ్లీ ఎవరూ చూడలేదు.

కర్మలయ్యాక సాలమ్మ పనికొచ్చింది. పొయ్యి వెలగాలి కదా. వాగుడుకాయ అని పేరున్న మనిషి మాట్లాడటం మానేసింది. తన నోరే మనిషిని మింగిందని నమ్మింది పాపం. నర్సమ్మ కూర వండి తెచ్చిపెట్టేది. సాలమ్మ తలొంచుకుని తినేది.

ఒకరోజు షెడ్డులో గంపల వెనక ఎలుక చచ్చి కుళ్లింది. అందరూ ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తారు. నర్సమ్మ ఒక్కతే ఆ గంపల పక్కనే సద్ది విప్పుకుని తాపీగా ముద్దలు కలుపుకుంటోంది. గుమ్మంలో నిలబడి సాలమ్మ చాలాసేపు చూసింది.

మర్నాడు సాలమ్మ అందించిన మొదటి సీసా కంపెనీది కాదు. ఇంట్లో కిరసనాయిలు పోసుకునే సీసా, ఒంపేసి తెచ్చింది. నర్సమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని కుడి గంపలో వేసింది.

సాలమ్మ దాన్ని తీసి మళ్లీ ఆమె చేతికిచ్చింది. "మల్లొకపారి సూడక్కా."

ఇన్నాళ్లకు నోరు విప్పిందని నర్సమ్మ పొంగిపోయింది. కళ్లు మూసుకుని శ్రద్ధగా పీల్చింది.

"మంచిగనే ఉన్నది సాలమ్మా."

కిరసనాయిలు ఎక్కడ ఒలికిందా అని అప్పటికే పక్కవాళ్లు చుట్టూ వెతుక్కుంటున్నారు.

"నేను సంపలే," అంది సాలమ్మ మెల్లగా. తర్వాత షెడ్డంతా వినపడేట్టు అరిచింది. "నేను సంపలే నా పెనిమిటిని! నా మాటకు సావలే!"

నర్సమ్మ కళ్లు తెరిచింది. సీసా ఇంకా ముక్కు దగ్గరే ఉంది.