పొడి ఇసుక

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద గంగప్పకు లేత్ షాపు ఉండేది. బోరు మోటార్ల షాఫ్టులు సరిచేయడం ఆయన పని. కదిరప్ప పదహారేళ్లుగా ఆయన దగ్గర ఫిట్టరు.

2004 వేసవిలో, బెంగళూరు కంపెనీలో ఇంజినీరుగా ఉన్న జీవానందం నాలుగు కడ్డీలు తెచ్చాడు. చూపుకు ఉక్కులా ఉన్నా, చేతిలోకి తీసుకుంటే సగం బరువే అనిపించాయి.

"టైటానియంలో పింగాణీ లాంటి గట్టి పొడి కలిపి చేసిందన్నా. ఉత్త టైటానియం మెత్తబడే వేడిలో కూడా ఇది నిలుస్తాది. తొందరగా అరగదు. విమానం ఇంజన్లకు పనికొస్తాదని సూస్తాండాము. వీటిని లేత్ మీద తిప్పి నమూనాలు చేసియ్యాల."

వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. "తిప్పేటప్పుడు రాలే పొట్టు కుప్పబడనీయొద్దు. అంటుకుంటే నీళ్లు పొయ్యొద్దు, మంట ఇంకా ఎగుస్తాది. పొడి ఇసక పెట్టుకోండి."

ఆ పొద్దు కదిరప్ప చౌడేపల్లెలో మోటారు బిగిస్తున్నాడు.

ఆ లోహం మొండిది. లోపలి పొడి గరుకుకు పనిముట్ల మొనలు పది నిమిషాలకే మొద్దుబారేవి. అయినా గంగప్ప పట్టు వదలక మూడు కడ్డీలు తిప్పాడు. ఇసుక రేపు తెప్పిద్దామని రోజూ అనుకునేవాడు.

నాలుగో కడ్డీకి మొద్దు మొన రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. కింద పేరుకున్న సన్నటి పొట్టు తెల్లగా అంటుకుంది. కదిరప్ప నీళ్ల బకెట్టు అందుకున్నాడు.

"నీళ్లొద్దప్పా" అని గంగప్ప అరిచేలోపే పోసేశాడు. మంట ఎగిసి కదిరప్ప ముఖానికి తగిలింది.

ఆసుపత్రిలో రెండు కళ్లూ పోయాయన్నారు. వారం తర్వాత గంగప్ప వచ్చి అతని మంచం పక్కన కూర్చున్నాడు.

"నీళ్లు పొయ్యగూడదని నాకు ముందే తెలుసప్పా. నీకు చెప్పలా."

కదిరప్ప ఆ గొంతు వైపు తిరిగాడు. "యాల చెప్పలా?"

"చెప్తే భయపడి, ఈ పని మనకొద్దంటావనుకున్నా."

"అనుంటానులే, నిజమే" అన్నాడు కదిరప్ప, కట్టు కట్టిన ముఖం గోడవైపు తిప్పుకుంటూ.

కదిరప్ప భార్య ఆదెమ్మ అంతా విన్నది. "ఇంగ ఈడికి రావద్దన్నా" అంది, గొంతు పెంచకుండానే.

మూడు నమూనాలూ పరీక్షల్లో నిలిచాయని, అలాంటివి ఇంకో రెండు వందల నమూనాలు కావాలని జీవానందం కబురు పంపాడు. గంగప్ప మిగిలిన కడ్డీని గోనెలో చుట్టి వాపసు పంపేశాడు.

రోజూ సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడేవాడు. ఆదెమ్మ గంజి చెంబుతో ఆయన పక్కనుంచే లోపలికి వెళ్లేది. ఒక్కసారీ తలతిప్పి చూడలేదు.