నీలం పోయిన నట్లు

మా కార్ఖానాలో బోల్టుల గది నాదీ, మా ఆడపడుచు కాత వదినదీ. హామిల్టన్‌లో ఉక్కు దూలాలు కోసి, బెజ్జాలు వేసి, వంతెనలకీ గోదాములకీ సిద్ధం చేసి పంపే కార్ఖానా అది. దూలాలు మగాళ్ళవి, బోల్టులు మావి. ఏ పీపాలో ఏ లావు బోల్టు ఉందో, దానికి ఏ నట్టు, ఏ వాషరు పడుతుందో కళ్ళు మూసుకుని తడిమి చెప్పేదాన్ని. నా చదువు నాలుగో తరగతితోనే ఆగిపోయింది గానీ, నా వేళ్ళు మాత్రం చదువుకుంటూనే ఉన్నాయి.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో మేం చేస్తున్నది మా పేట వంతెనే. రైలు పట్టాలకి ఇవతల మా ఇళ్ళు, అవతల బడి. గూడ్సు బండి వచ్చి అడ్డంగా నిలబడిందంటే ఇక కదలదు. పిల్లలు ఊరుకుంటారా? పెట్టెల కిందనుంచి దూరి అవతలికి పోయేవాళ్ళు. మా అమ్మాయి నేద కూడా దూరేది. నాకు తెలీదనుకునేది పిచ్చిది. రోజూ మోకాళ్ళ మీద నల్లటి జిడ్డు మరకలు కనబడుతుంటే తల్లికి తెలీదా?

కొట్టాను, బతిమాలాను. "ఆలస్యమైతే సిస్టరమ్మ గోడ దగ్గర నిలబెడుతుందమ్మా" అనేది. చక్రాల కిందికి పోవడం కంటే దానికి ఆ గోడంటేనే భయం. అందుకే ఆ నడక వంతెన కోసం నాకంటే ఎదురుచూసినవాళ్ళు ఊళ్ళో లేరు. రైల్వేవాళ్ళు ఒక్క ఆదివారం పొద్దున బండ్లు ఆపుతామన్నారు. అది తప్పితే మళ్ళీ మంచు కరిగాకే.

శుక్రవారం పొద్దున తనిఖీకి లాక్‌హార్ట్ గారు వచ్చారు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, తిండి ఎక్కువ. బోల్టులు వంతెన ఎక్కేముందు ప్రతి పీపాలోంచీ కొన్ని తీసి, గడియారం లాంటి ముల్లున్న యంత్రంలో బిగించి చూడాలి. నట్టు తిప్పేకొద్దీ బోల్టు లోపల సాగి, బిగువు పుంజుకుంటుంది. ఎంత బిగువో ముల్లు చెబుతుంది. ముల్లు ఎర్రగీత దాటితే సరే, లేకపోతే పీపా వెనక్కి.

కాత వదిన మొగుడు స్తీపె మా మేస్త్రీ. రెంచి అందుకున్నాడు. మొదటి పీపా బోల్టుకి ముల్లు హాయిగా గీత దాటింది. రెండో పీపా బోల్టు పెట్టాడు. నట్టు కీచుమంది. ముల్లు సగం దారిలో ఆగిపోయింది. స్తీపె అన్నయ్య పళ్ళు బిగించి ఇంకో తిప్పు తిప్పాడు. బోల్టు మెలితిరిగి ఠప్పున తెగింది.

"ఎండు రొట్టె నయం దీనికంటే! ఎవడు పోతపోశాడ్రా దీన్ని?" అని కేకేశాడు స్తీపె.

ఇంకోటి పెట్టారు, అదీ అంతే. మూడో పీపాదీ అంతే.

లాక్‌హార్ట్ గారు టోపీ తీసి తల గోక్కున్నారు. "ఇవి పైకి ఎక్కవు స్తీపె. కొత్తవి తెప్పించు."

"అవి వచ్చేసరికి ఆదివారం ఆగుతుందా బాబూ!"

నా కళ్ళముందు నేద మోకాళ్ళే. కానీ నాకో పాడు అలవాటుంది. ఏడుపు వచ్చినా సరే, ఎందుకలా జరిగిందో తెలుసుకోనిదే ఏడవలేను. తెగిన ముక్క తీసి చూశాను. తల మీద గుర్తు అదే, లావు అదే. ఒక్క చోటనుంచి, ఒక్క రోజే వచ్చిన సరుకు. మంచి పీపాలోంచి ఒక నట్టు, చెడ్డ పీపాలోంచి ఒక నట్టు తీసి, చెరో చేతిలో పెట్టుకుని వేలు లోపల తిప్పాను. ఒకటి నున్నగా జారింది. రెండోది గరగరలాడింది. వెలుతుర్లోకి పట్టుకెళ్ళి చూద్దును కదా, నున్నటిది నీలంగా ఉంది. గరుకుది తెల్లగా మెరుస్తోంది.

"అన్నయ్యా, దీని నీలం ఏదీ?"

"నీలమేంటి చెల్లెమ్మా?"

"ఈస్టరు గుడ్లకి వేసే రంగులా నట్టు మరల్లో ఉంటుందే, ఆ నీలం!"

లాక్‌హార్ట్ గారు గబగబా వచ్చి రెండూ తీసుకున్నారు. "అది మైనమమ్మా. రాసినట్టు తెలియాలని నీలం కలుపుతారు. వీటి మీదున్న జింకు పూత మెత్తన. మైనం లేకపోతే పూతా పూతా కరుచుకుపోతాయి. మన బలమంతా బోల్టుని మెలితిప్పడానికే పోతుంది, బిగువు రాదు. మరి ఈ పీపాలకి రాయడం మరిచారా ఏంటి?"

నేను ఊరికే నట్టు వాసన చూశాను. కిరసనాయిలు! మెల్లగా వదిన వైపు తిరిగాను. బొగ్గు బకెట్టుని సబ్బుతో తోమే మనిషి.

"వదినా..."

"ఏంటలా చూస్తావ్? పెద్దమనిషి వస్తున్నాడంటే చేతులకి అంటుకునే మురికి నట్లు పెడతానా ఎదురుగా? కిరసనాయిల్లో ముంచి, బ్రష్షేసి తోమి, ఎండలో ఆరబెట్టా. అద్దాల్లా లేవూ? ఆ మొదటి పీపాకే కిరసనాయిలు చాల్లేదు."

"నట్లకి తలంటు పోసిందయ్యా నా పెళ్ళాం!" అన్నాడు స్తీపె, నెత్తి కొట్టుకుని.

"నీ చొక్కాలకి పొయ్యలేకే వాటికి పోశా!"

లాక్‌హార్ట్ గారు నవ్వు ఆపుకోడానికి గోడ వైపు తిరిగారు. ఆయన్ని నేను వదల్లేదు. "అయ్యా, వాళ్ళు రాసిన మైనమే ఉండాలా? ఏ మైనమైనా సరేనా?"

ఆయన యంత్రం వైపు వేలు చూపించారు. "ముల్లు ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను."

వదిన అప్పటికే కోటు తొడుక్కుంటోంది. పెరట్లో తేనెటీగల పెట్టెలున్నాయి ఆవిడకి. చనిపోయినవాళ్ళ పండక్కి మా అత్తగారి సమాధి మీద వెలిగించే కొవ్వొత్తుల కోసం ఏడాదంతా మైనం దాస్తుంది. ఆ దిమ్మలన్నీ సంచీలో వేసుకొచ్చింది.

"అమ్మకి ఈసారి కొట్లో కొన్న కొవ్వొత్తి వెలిగిద్దాం. తిడితే నన్నే కదా, నాకలవాటే" అంది. అందిగానీ, మొదటి దిమ్మ విరగ్గొట్టేటప్పుడు మొహం అటు తిప్పుకుంది.

నట్టు మరల నిండా మైనం రుద్ది బోల్టుకి ఎక్కించారు. కీచుమనలేదు. ముల్లు కదిలింది. ఇందాక ఆగిన సగం దారికి వచ్చి, అక్కడ ఆగకుండా గీత దాటి పోయింది. నేను శిలువ గుర్తు వేసుకున్నాను. లాక్‌హార్ట్ గారు మాత్రం అంతటితో వదల్లేదు. ఆ పీపాలోంచొకటి, ఈ పీపాలోంచొకటి తీయించి, మైనం రుద్ది బిగించి చూశాకే తలూపారు. శనివారమంతా అందరం కూర్చుని మైనం రుద్దుతూనే ఉన్నాం. ఆయన వదిన చేసిన అక్రోటు రొట్టె తింటూ మా పక్కనే కూర్చున్నారు. గదంతా తేనె వాసన.

ఆదివారం పొద్దున క్రేను వంతెనని ఎత్తి పట్టాల మీదుగా పడుకోబెట్టింది. ఒక్క బోల్టు తెగలేదు.

సోమవారం సాయంత్రం నేద ఇంటికి రాగానే గుమ్మంలోనే ఆపి మోకాళ్ళు చూశాను. శుభ్రంగా ఉన్నాయి. కానీ ముక్కు మీద బూడిదరంగు మచ్చ.

"ఇదేంటే?"

"వంతెన తేనె వాసన వస్తోందమ్మా! ఎక్కడనుంచా అని ఒక్కో బోల్టూ వాసన చూసుకుంటూ వెళ్ళా."

"మరి బడికి ఆలస్యం కాలేదూ?"

"అయింది. గోడ దగ్గర నిలబెట్టింది."