బోణీ సంచీ ధర

నేను ఒక తోలుసంచీని. అలా అన్నానని మా యజమానికి చెప్పకండి, ఆయన లెక్కలో నేను 'మాస్టర్‌పీస్'ని. దాదాపు నలభయ్యేళ్ళ కిందట, సుల్తాన్ బజారులో ఓ ఇరుకు గదిలో కూర్చుని, చిరువోలు నాగభూషణం గారు స్వయంగా కుట్టిన మొదటి సంచీని. నా ఎడమ పిడి కాస్త వంకర. ఇప్పుడు ఆ వంకరనే చేతిపని సౌందర్యం అంటున్నారు.

ఆ కొట్టుకు పెట్టుబడి ఆయన అక్కగారు భ్రమరాంబది. పసుపు కుంకుమ కింద తనకొచ్చిన ఎకరం అమ్మి తమ్ముడి చేతిలో పెట్టింది. నన్ను చూసి ముచ్చటపడిన పెళ్ళివారెవరో చుట్టాలందరికీ సంచీలు చేయించుకున్నారు. లక్ష రూపాయల బోణీ! నాగభూషణం గారు ఆ నోట్లకట్టలు కళ్ళకద్దుకుని నా కడుపులో పెట్టి, "అక్కా, ఇది నీ ఇంటికే. ఎప్పుడడిగితే అప్పుడిస్తా" అన్నారు. ఆ రోజుల్లో ఆ డబ్బుకు మల్కాజిగిరిలో రెండు గదుల ఇల్లొచ్చేది. కానీ బోణీ డబ్బు కదిపితే లక్ష్మి అలుగుతుందట. "అవసరమైనప్పుడు అడుగుతాలేరా" అని ఆ పిచ్చితల్లి అద్దె కొంపకు వెళ్ళిపోయింది.

తరవాత నాగభూషణం కొట్టు 'బ్యూషాన్' అయి బంజారాహిల్స్ ఎక్కింది. ధరలు పెరిగినప్పుడల్లా లోకం గుండెలు బాదుకుంటే మా ఆయన మీసం దువ్వేవారు. కందిపప్పు ధర పెరిగితే జనం చారు పలచన చేసుకుంటారు. మా సంచీ ధర పెంచితే ఉన్నవాళ్ళు ఎగబడి కొంటారు. చవగ్గా దొరికితే వాళ్ళకు పరువు తక్కువ మరి. అలా ఆస్తి ఎనిమిది వేల కోట్లయింది.

ఒక ఏడు ఆడిటరు వచ్చి, "ఆస్తి ఆరు శాతం పెరిగింది సార్. ధరలు ఏడు పెరిగాయి. నిజానికి మీరు కొంచెం తగ్గారు" అన్నాడు. మహానుభావుడు ఆ పూట అన్నం ముట్టలేదు. వేల కోట్లు పెట్టుకుని పేదవాడైపోయిన మనిషిని నేను చూడటం అదే మొదలు. మర్నాడే అన్ని సంచీల ధరలూ పెంచేశారు. అద్దాలపెట్టెలో ఉన్న నాకు కూడా, ఎవరూ కొనరని తెలిసే, గొప్పకోసం నలభై లక్షల చీటీ తగిలించారు. నా కడుపులో లక్ష మాత్రం అలాగే పడుకుని ఉంది. రూపాయి ఎలా కరుగుతుందో అంత బాగా తెలిసిన మనిషికి, అక్క సొమ్ము దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఏ గట్టున మేసేదో.

నిరుడు భ్రమరాంబ షోరూముకు వచ్చింది. ఇంటివాడు అద్దె రెట్టింపు చేసి, కట్టలేకపోతే ఖాళీ చేయమన్నాడట. చుట్టూ కొనేవాళ్ళు కిటకిటలాడుతున్నారు.

"నాగూ, ఆ డబ్బిస్తావా? ఇల్లు చూసుకుంటాను."

ఆయన గర్వంగా అద్దం తెరిపించి కట్టలు తీశారు. "ఒక్క నోటు కదపలేదక్కా. మాటంటే మాటే."

ఆమె ఒక కట్ట చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది. "దీనికిప్పుడు ఇంటి గుమ్మం కూడా రాదు కదరా."

"ధరలు పెరిగితే నేనేం చేయనక్కా?"

ఆ మాటకు నవ్వాపుకోలేక నా కుట్లు తెగినంత పనైంది. భ్రమరాంబ నా చీటీ చదివింది. డబ్బు బల్లమీద వదిలేసి నన్ను భుజాన తగిలించుకుంది.

"డబ్బు నువ్వే ఉంచుకో. నాకీ సంచీ చాలు."

"అది బోణీ సంచీ అక్కా. గడప దాటితే లక్ష్మి పోతుంది."

"లక్ష్మి బల్లమీదే ఉందిగా. ఇది ఉట్టి తోలేగా?"

కొనేవాళ్ళంతా ఇటు తిరిగారు. 'అవును, ఉట్టి తోలే' అని ఆయన అంటే ఆ షోరూములో ఇక ఒక్క సంచీ కదలదు. ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"ఎంతకిస్తావు?"

"చీటీ మీద నువ్వే రాశావుగా."

ఆ నలభై లక్షలతో ఆమె అదే మల్కాజిగిరిలో రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంది. నా కడుపు నిండా సంతోషమేసింది. నన్ను తిరిగి ఇచ్చేటప్పుడు, ఖాళీ సంచీ ఇవ్వకూడదని లోపల ఒక రూపాయి బిళ్ళ వేసింది.

మళ్ళీ అద్దాలపెట్టెలోనే ఉన్నాను. ఈ ఉగాదికి నా ధర నలభై అయిదు లక్షలు. ఆ రూపాయిని ఎవరూ ముట్టుకోకూడదని, అక్కగారి సొమ్ము పదిలంగా ఉండాలని మా ఆయన ఆజ్ఞ.