పాలెంలో చాటింపు

మునిసిపల్ ఆఫీసు వెనక గోడ నీడలో, చిత్తుకాగితాల మంట మీద బయ్యన్న తప్పెటను తిప్పి తిప్పి కాస్తున్నాడు. తోలు వేడెక్కి బిగిసేదాకా వదలడు. గోటితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఇంకా చాలలేదన్నట్టు మళ్లీ మంట మీదికి వంచాడు. మనిషి సన్నం, నలుపు. మెడ మీద నరాలు మాత్రం తాళ్లలా లేచి ఉంటాయి. మునిసిపాలిటీవాళ్లు ఎప్పుడో ఇచ్చిన ఖాకీ చొక్కాకు భుజాల మీద రంగంతా ఎండకు పోయి, చంకల కింద మాత్రం కాస్త మిగిలింది.

గుమాస్తా గురుమూర్తి కిటికీలోంచే చాటింపు సంగతి చెప్పాడు. ఆ సాయంత్రం హైస్కూలు ఆవరణలో చైర్మన్ గారు కూర్చుంటారు. ఏ వీధివాళ్లయినా వచ్చి కొళాయిలనీ, దీపాలనీ, మోరీలనీ తమ కష్టం ఆయనకే నేరుగా చెప్పుకోవచ్చు.

"ఎవురైనా రావచ్చునా సామీ?" అని అడిగాడు బయ్యన్న.

"ఎవరైనా."

"వంక అవతల ఉండేటోళ్లు గూడా?"

"వాళ్లు మాత్రం ఊళ్లోవాళ్లు కాదాప్పా?" అని నవ్వి, గురుమూర్తి కిటికీ రెక్క మూసుకున్నాడు.

బయ్యన్న తప్పెటను మంట మీంచి తీశాడు. ఊరి చివర ఇసుక తేలిన వాగే వంక, దాని అవతలిది ఆయన పాలెమే. కొళాయి గొట్టం శెట్ల వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. పాలెం ఆడవాళ్లు ఆ మలుపులో కడవలు పట్టుకుని పక్కగా నిలబడాలి, ఎవరికైనా జాలి పుడితే పైనుంచి పోస్తారు. ఎవరికీ పుట్టకపోతే రెడ్ల తోటబావే గతి. వానలు మొహం చాటేసిన కొద్దీ ఆ బావిలో దిగాల్సిన మెట్లు పెరుగుతూ పోతున్నాయి. బయ్యన్న పెళ్లాం నల్లమ్మకు నడినెత్తిన వెంట్రుకలు లేవు. కడవ మోసి మోసి అరిగిపోయాయి. ఉన్న నాలుగు వెంట్రుకలూ ముందుకు దువ్వి ఆమె ఆ చోటును కప్పుకుంటుంది, మొగుడికి కూడా కనబడనివ్వదు. ఆయనకు తెలియదా ఏం? తెలిసీ తెలియనట్టే ఉంటాడు.

"ఊరందరి మాటా మోస్తాండావు, మన నీళ్ల మాట ఒగటి మోయలేవా?" అని ఆమె అడగని నెల లేదు. "సమయం రానీలే" అని ఆయన దాటెయ్యని నెలా లేదు. ఇంటి దగ్గర కొళాయి ఉండాలి. పొద్దున్నే కుక్కి మంచంలో పడుకుని, నల్లమ్మ కడవలో నీళ్లు పడే చప్పుడు వినాలి. బయ్యన్న కోరిక ఇంతే. దీనికంటే పెద్దది కోరుకునే అలవాటు ఆయనకు లేదు. ఈ ఒక్కటి మాత్రం ఏళ్ల తరబడి లోపల కుదురుగా కూర్చుని ఉంది.

తప్పెట భుజానికి తగిలించుకుని బజారులోకి వచ్చాడు.

"అయ్యల్లారా, అమ్మల్లారా, ఇనండి! ఈ పొద్దు మాపటికి ఐస్కూలుకాడ చైర్మన్ సారు కూసుంటాడు! మీ వీధి కష్టం మీరే వచ్చి చెప్పుకోండి! తెలీలేదు, ఇనలేదు అనొద్దండి!"

ఊళ్లోవాళ్లకు ఒక వింత అలవాటు. మునిసిపాలిటీ అంటే వాళ్లకు చైర్మనూ కాదు, గుమాస్తా కాదు, తప్పెట కొట్టుకుంటూ వచ్చే బయ్యన్న. చాటింపు ముగియకముందే అరుగుల మీదికి వచ్చి తమ గోడంతా ఆయనకే వెళ్లబోసుకుంటారు. నేతగాళ్ల వీధిలో దీపం వెలగడం లేదు. కమ్మరి వీధిలో పందులు ఇళ్లలోకి వస్తున్నాయి. ఒక ముసలాయనైతే, అల్లుడు తన కూతుర్ని పుట్టింటికి పంపడం లేదని, ఆ సంగతి కూడా చైర్మన్ చెవిన వెయ్యమన్నాడు. బయ్యన్న అన్నింటికీ తల ఊపాడు.

శెట్ల వీధిలో లక్ష్మీనరసమ్మ గడపలో నిలబడి పిలిచింది. ఆమె మొగుడిది బట్టల కొట్టు.

"ఏమప్పా బయ్యన్నా, ఈ మోరీ కంపుకు కూడు లోపలికి దిగడంల్యా. నువ్వే చెప్పు ఆ సారుకు."

"మీరొచ్చి చెప్తే బాగుంటాదమ్మా."

"మేమేం అరుస్తామప్పా? నీకి గొంతుండాది."

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి పైనుంచి పోసింది. బయ్యన్న వంగి, దోసిలి నోటికి ఆనించి, గటగటా తాగాడు. కొళాయి నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. మోచేతుల మీదుగా కారి నేల మీద పడిన నీళ్లను చూస్తే ఆయనకు ప్రాణం ఉసూరుమంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వంక ఒడ్డుకు చేరాడు. ఆయన చాటింపు ఎప్పుడూ అక్కడితో సరి. అవతల గుడిసెల కప్పులు కనబడుతున్నాయి. ఇంటికి పోయి సంగటి తిని, పాలెంవాళ్లతో సంగతి చెప్పి రావచ్చు. కానీ జంపఖానాలు పరవడానికి తొందరగా రమ్మన్నాడు గురుమూర్తి. అదీ కాక, వాళ్లు వచ్చి మాత్రం ఏం మాట్లాడతారు? నోరున్నది తనకు. మాట ఇప్పించుకుని పోయి, నల్లమ్మ ముందు నిలబడి, "కొళాయి వస్తాదే" అంటే ఆమె మొహం ఎట్లా ఉంటుందో చూడాలి. ఆ మొహం తలచుకుంటూ, ఆకలి మరచిపోయి, వెనక్కి తిరిగాడు. దారిపొడుగునా చెప్పాల్సిన మాటనే నోట్లో నములుకుంటూ పోయాడు.

సాయంత్రం హైస్కూలు ఆవరణ నిండిపోయింది. చైర్మన్ భారీ మనిషి, కుర్చీలో కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, పాపం ఓపిగ్గానే విన్నాడు. వీధుల్ని ఒక్కొక్కటిగా పిలిచే పని బయ్యన్నదే. తప్పెట మీద ఒక దెబ్బ వేసి వీధి పేరు పిలిస్తే, ఆ వీధివాళ్లు గుంపుగా లేచి ముందుకు వచ్చేవాళ్లు. లక్ష్మీనరసమ్మ మొగుడు కూడా పదిమందిని వెంటేసుకొచ్చాడు. ప్రతి గుంపుకూ చైర్మన్ "రాసుకో గురుమూర్తీ" అన్నాడు.

అన్ని వీధులూ అయిపోయాయి. చైర్మన్ లేవడానికి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. అప్పుడు బయ్యన్న గట్టిగా ఇంకో దెబ్బ వేశాడు.

"వంక అవతలి పాలెం!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ లేవలేదు. బయ్యన్న తప్పెట దించి కింద పెట్టి, చేతులు కట్టుకుని, తనే ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సామీ, మాకు నీళ్లు లేవు. గొట్టం శెట్ల వీధికాడ నిలిచిపోయినాది. ఇంగ రవ్వంత లాగితే మా పాలేనికి వస్తాది. ఆడోళ్లు..."

నల్లమ్మ నడినెత్తి సంగతి చెప్పాలనుకున్నాడు. అంతమంది మగవాళ్ల మధ్య అది నోట పలకలేదు.

"నువ్వు చెప్పేది సరే," అన్నాడు చైర్మన్. "పాలెంవాళ్లేరీ? తక్కిన వీధులోళ్లు ఎంతమంది వచ్చినారో చూస్తివి గదా. అక్కర ఉండేవాళ్లు రావాల గదప్పా. వాళ్లకు చాటింపు వేయలేదా?"

బయ్యన్న కింద పెట్టిన తప్పెట వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఆయన చాటింపు వెయ్యని సందు లేదు, ఒక్క తన పాలెంలో తప్ప. ఎవరూ వెయ్యమననూ లేదు, వెయ్యాలని ఆయనకూ తోచలేదు. పొద్దుటినుంచీ "మీరే వచ్చి చెప్పుకోండి" అని ఊరంతా అరిచిన నోరు తనవాళ్ల దగ్గర మాత్రం ఆ మాట అనలేదు. తప్పు ఎవరిమీదా వెయ్యడానికి లేదు, అంతా తనదే.

"రవ్వంతసేపు కూసోండి సామీ. పిల్చుకొస్తా."

"పొద్దు పోతాంది. తొందరగా రా."

ఆ వయసులో బయ్యన్న పరుగెత్తాడు. వంక ఇసుకలో కాళ్లు కూరుకుపోయాయి. రొమ్ములో ఏదో పట్టేసినట్టయితే ఒక చేత్తో నొక్కుకుని, ఇంకో చేత్తో తప్పెట పట్టుకుని ఒడ్డెక్కాడు. పాలెం మొదట్లోనే నిలబడి కొట్టడం మొదలుపెట్టాడు.

గుడిసెల్లోంచి జనం బయటికి వచ్చి ముందు నవ్వారు. "మనకు గూడా చాటింపేనా మామా?" అన్నాడు లక్ష్మన్న, చేతి సంగటి కడుక్కోకుండానే. నల్లమ్మ మాత్రం మొగుడి మొహం చూసి నవ్వలేదు.

"నీళ్ల మాట అడగాల. అందరూ రావాల. నా ఒగని మాట చాలదంట," అన్నాడు బయ్యన్న. గొంతు అప్పటికే పోయింది, బుసలాగా వచ్చింది.

చంటిపిల్లల్ని చంకనేసుకుని, ముసలి రామక్క కర్ర పొడుచుకుంటూ, పాలెం మొత్తం వంక దాటింది. వాళ్లు వెళ్లేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. చైర్మన్ జట్కా వెళ్లిపోయింది. గురుమూర్తి జంపఖానాలు చుట్టిస్తున్నాడు.

"శానాసేపు చూసి పోయినాడప్పా. సోమవారం ఆఫీసుకాడికి రమ్మన్నాడు," అని, ఆ గుంపును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. "ఇట్లానే రాండి. అందరూ."

తిరుగుదారిలో ఎవరూ బయ్యన్నను ఒక్క మాట అనలేదు. పైగా కొళాయి వచ్చేసినట్టే పోట్లాడుకున్నారు. తన గుడిసె ముందు వెయ్యాలంది రామక్క. చింతచెట్టు కింద అన్నాడు లక్ష్మన్న. బయ్యన్న వంకలోంచి ఒక చప్పటి రాయి ఎత్తుకొచ్చి, గుడిసెలన్నింటికీ నడిమధ్యన పెట్టి, "ఈడ" అన్నాడు. తన వాకిలికి అది దూరమే. నల్లమ్మ వచ్చి, కడవ పెట్టినట్టు వంగి చూసి, "ఎత్తు సరిపోతాది" అంది. మసక వెలుతురులో ఆమె మొహం చూసి బయ్యన్నకు కడుపు నిండిపోయింది.

మర్నాడు నల్లమ్మ తోటబావికి పోయి వచ్చేసరికి ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు. నిన్నంతా గొంతు చించుకున్నాడు, పడుకోనీలే అనుకుంది. ఎదురింట్లో గట్టిగా మాట్లాడుతుంటే మెల్లగా అని సైగ చేసింది. ఆఫీసు మనిషి వంక ఒడ్డున నిలబడి చాటింపుకు రమ్మని కేకేస్తే లేపబోయింది. చెయ్యి చల్లగా తగిలింది.

సోమవారం పాలెం అంతా ఆఫీసుకు వెళ్లింది. పిలవడానికి ఎవరూ లేకపోయినా వెళ్లింది. నల్లమ్మే ముందు నిలబడి, కొంగు తీసి, నడినెత్తి చూపించి మాట్లాడింది. చైర్మన్ తల దించుకుని "రాసుకో గురుమూర్తీ" అన్నాడు.

గొట్టం ఇంకా శెట్ల వీధి మలుపులోనే ఉంది. తోటబావినుంచి వచ్చే ఆడవాళ్లు పాలెం నడిమధ్యన కడవ దించుకుని కాస్త ఊపిరి తీసుకుని పోతారు. వాళ్లు పోయాక ఆ చప్పటి రాయి మీద కడవ అడుగు తడి గుండ్రంగా కాసేపు నిలిచి ఉంటుంది.